ఇన్సూరెన్స్ కేసులో డిసెబిలిటీ పర్సంటేజీ తక్కువ వేశారు, ఎక్కువ రాసే డాక్టర్ దగ్గరికి వెళ్లాలా?

మీరు అడిగింది ఇదీ: నాన్నగారు ఆటో డ్రైవర్, యాక్సిడెంట్‌లో కుడి భుజం విరిగింది, ఆపరేషన్ చేసిన డాక్టర్ 20 శాతం అని రాశారు, ఇన్సూరెన్స్ లాయరేమో ఒళ్లు మొత్తానికి లెక్కేస్తే 7 శాతమే అంటున్నాడు, ఎవరో 50 రాయిస్తానంటున్నారు, వెళ్దామా?

వెళ్లకండి బ్రదర్. నేను అలా వెళ్లి కోర్టులో నవ్వులపాలైనవాణ్ణి.

నేను టైల్స్ మేస్త్రీని. లారీ తగిలి ఎడమ మోకాలి కింద ఎముక నలిగింది, ప్లేటు, స్క్రూలు వేశారు. అప్పుడు నాకు 34 ఏళ్లు. ఏడు నెలలయ్యాక తెలిసినాయన ఒకడు ఒక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన నన్ను కుర్చీలోంచి లేవమని కూడా అనలేదు, ఎక్స్‌రే లైటుకి పెట్టి చూసి 60 శాతం అని రాసి స్టాంపు కొట్టారు. ఇంటికొచ్చి క్యాలిక్యులేటర్ తీశా: నెలకి 15 వేలు, ఏడాదికి లక్షా ఎనభై వేలు, నా వయసుకి మల్టిప్లయర్ (ఏడాది సంపాదనని ఎంతతో గుణించాలో వయసుని బట్టి ఉండే అంకె) 16, అందులో 60 శాతం, అంటే 17 లక్షల 28 వేలు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషంతో.

క్రాస్‌లో, అంటే కోర్టులో ఇన్సూరెన్స్ లాయర్ ఆ డాక్టర్‌ని ప్రశ్నించినప్పుడు, ఆ సంతోషం మూడు ప్రశ్నలకే పోయింది. ఈయనకి వైద్యం చేసింది మీరేనా? కాదండి. మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతుందో కొలిచారా? ఎక్స్‌రేలో తెలుస్తుందండి. ఈ 60 శాతం కాలికా, శరీరం మొత్తానికా? డాక్టర్ గారు కాగితం అటూ ఇటూ తిప్పారు, అందులో ఏమీ రాసి లేదు మరి. సుప్రీంకోర్టు రాజ్ కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ కేసులో 2010లోనే చెప్పిందట, వైద్యం చేయని డాక్టర్లు రెడీమేడ్‌గా ఇచ్చే సర్టిఫికెట్లతో ట్రిబ్యునళ్లు (యాక్సిడెంట్ పరిహారం తేల్చే కోర్టులు) జాగ్రత్తగా ఉండాలని. ఆ తీర్పు ఇన్సూరెన్స్ లాయర్లకి కంఠతా వచ్చు, మనకే తెలియదు. చివరికి నన్ను ప్రభుత్వ ఆసుపత్రి మెడికల్ బోర్డుకి పంపారు.

కొలవడం అంటే ఏంటో అక్కడ చూశా. బల్ల మీద పడుకోబెట్టి, ప్లాస్టిక్ స్కేలు లాంటిది (రెండు పుల్లలు, మధ్యలో కోణమానిని, గోనియోమీటర్ అంటారు) మోకాలి పక్కన పెట్టి ముందు నన్ను వంచమన్నారు, తర్వాత డాక్టరే పట్టుకుని వంచారు. బాగున్న కాలు 135 డిగ్రీలు, దెబ్బ తిన్నది 80. టేపుతో తుంటి ఎముక నుంచి చీలమండ దాకా రెండు కాళ్లూ కొలిచారు, తేడా ఒక సెంటీమీటరు, మొదటి అరంగుళం లెక్కలోకి రాదన్నారు. తొడ చుట్టుకొలత కూడా తీశారు, కండ తగ్గిందేమోనని. ఆ తర్వాత నడువు, మెట్లెక్కు, దెబ్బ తగిలిన కాలి మీద ఒంటికాలిపై నిలబడు, గొంతుక్కూర్చో, బాసింపట్టు వేసుకో, మోకాళ్ల మీద కూర్చో, వెనక్కి తిరుగు. ప్రతిదానికీ మార్కులున్నాయి. వైకల్యం కొలవడానికి కేంద్రం ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో ఈ పరీక్షలన్నీ వరసగా ఉన్నాయి, మనవాళ్లు నేల మీద కూర్చుని బతికేవాళ్లని గుర్తుపెట్టుకునే రాశారనిపించింది.

నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది, ఆ రోజు పొద్దున్నే నొప్పి బిళ్ల వేసుకుని వెళ్లా. మెట్లు చకచకా ఎక్కేశా! డాక్టర్ అడిగితే నిజం చెప్పా, రాసుకున్నారు. నొప్పి నటించమనడం లేదు, ఆయనే పట్టుకుని వంచేటప్పుడు నటన దొరికిపోతుంది. మామూలు రోజు ఎలా ఉంటారో అలా వెళ్లమంటున్నా.

బోర్డు 38 శాతం రాసింది, ఎడమ కాలికి, శాశ్వతం అని స్పష్టంగా. ఇన్సూరెన్స్ వాళ్లు వెంటనే మూడుతో భాగించి శరీరానికి 13 శాతమే అన్నారు. మీ 20 అలాగే 7 అయింది. పూర్తిగా అబద్ధమూ కాదు, చెయ్యికి 20 అంటే ఒంటికి 20 కాదు, సుప్రీంకోర్టే ఆ మాట చెప్పింది. కానీ అదే తీర్పులో ఇంకో మాట ఉంది, మనకి అసలు పనికొచ్చేది అదే. శరీరానికి ఎంత నష్టం అన్నది డాక్టర్ చెప్పాలి, సంపాదనకి ఎంత నష్టం అన్నది ట్రిబ్యునల్ తేల్చాలి, రెండూ ఒకటి కాదు. ఎడమ చెయ్యి పోతే డాక్టర్ లెక్కలో 60 శాతం దాకా రావచ్చు, కానీ డ్రైవర్‌కో వడ్రంగికో అది దాదాపు నూరు శాతం సంపాదన పోయినట్టే, ప్రభుత్వ గుమస్తాకైతే ఉద్యోగమే పోకపోవచ్చు అని ఉదాహరణ కూడా ఇచ్చారు.

అందుకని మా లాయర్ నాతో పనిచేసే ఒక మేస్త్రీని సాక్షిగా పిలిచారు. టైల్ వేసేవాడు రోజంతా గొంతుక్కూర్చుని వెనక్కి జరుగుతూ రబ్బరు సుత్తితో కొట్టుకుంటూ పోవాలి, 80 డిగ్రీల మోకాలితో అది కుదరదు, నిలబడి చేసే గోడ పని ఒక్కటే మిగులుతుంది అని ఆయన తన భాషలో చెప్పాడు. ట్రిబ్యునల్ సంపాదన నష్టం 35 శాతం అని తీసుకుంది. అదే లెక్కలో పది లక్షల ఎనిమిది వేలు. 13 శాతమే నిలబడి ఉంటే 3 లక్షల 74 వేలు వచ్చేవి. ఆ 60 రాసిన కాగితం వల్ల అయితే ఒక ఏడాది పోయింది, అంతే.

మీ నాన్నగారి విషయానికొస్తే, రాసింది ఆపరేషన్ చేసిన డాక్టరే కాబట్టి సగం బలం మీ దగ్గరే ఉంది. ఎముక అతికి, ఫిజియోథెరపీ అయ్యి, ఇక ఇంతకంటే కదలదు అన్నాక రాశారా, ముందే రాశారా అది కనుక్కోండి. ముందే రాస్తే మళ్లీ కొలిపించమనడం న్యాయమే, తగ్గినా పెరిగినా. చెయ్యి ఎంత ఎత్తు లేస్తుందో డిగ్రీల్లో ఉండాలి. చేతి పరీక్షల్లో తల దువ్వుకోవడం, చొక్కా తొడుక్కోవడం, గుండీలు పెట్టుకోవడం, చేత్తో అన్నం తినడం, తల పైనున్న వస్తువు తీసి మళ్లీ పెట్టడం లాంటివి ఉంటాయి, వీటిలో ఏది చేయలేరో ముందే ఇంట్లో చూసి రాసి పెట్టుకోండి, ఎందుకంటే పెద్దవాళ్లు డాక్టర్ ముందు మొహమాటానికి "పర్లేదండి, చేసుకుంటున్నా" అనేస్తారు. మా నాన్న కూడా అంతే. ఆటోకి యాక్సిలరేటర్ కుడి చేతి పిడిలోనే కదా, రోజుకి పది గంటలు దాన్ని తిప్పి పట్టుకోవాలి, ఇప్పుడు ఎంతసేపు పట్టుకోగలరు? స్టాండులో తోటి డ్రైవర్ ఒకరు వచ్చి ఈ మాట చెప్తే చాలు. డిశ్చార్జ్ సమ్మరీ, తేదీలున్న ఎక్స్‌రేలన్నీ, ఫిజియో చీటీలు ఏవీ పారేయకండి. బోర్డుకి పంపమని మీ లాయరే ట్రిబ్యునల్‌ని అడగవచ్చు.

ఇంకా పిటిషనే వేయకపోతే మాత్రం పర్సంటేజీ కోసం ఆగకండి. 2022 ఏప్రిల్ 1 నుంచి మోటారు వాహనాల చట్టంలో యాక్సిడెంట్ అయిన ఆరు నెలల్లోపు వేయాలని ఉంది, సర్టిఫికెట్ తర్వాత ఇచ్చుకోవచ్చు. ముందు మీ దగ్గరున్న ఆ 20 శాతం కాగితంలో చెయ్యికా, శరీరానికా అని రాసి ఉందో లేదో చూసి కింద చెప్పండి.