పల్సార్ వయసు లెక్కలో తేడా ఎక్కడ వస్తుంది?

ప్రశ్న: క్రాబ్ పల్సార్ (పేలిన నక్షత్రంలో మిగిలి, వేగంగా తిరుగుతూ క్రమం తప్పకుండా స్పందనలు పంపే చిన్న, బరువైన గోళం) 1054లో కనిపించిన సూపర్‌నోవా, అంటే నక్షత్ర పేలుడు, నుంచి పుట్టిందంటారు. మరి పట్టికల్లో దాని వయసు 1,260 ఏళ్లని ఎందుకుంటుంది?

జవాబు: అది పుట్టిన తేదీని బట్టి చెప్పిన వయసు కాదు, భ్రమణం నెమ్మదించే తీరు నుంచి లెక్కగట్టినది. దీన్ని క్యారెక్టరిస్టిక్ ఏజ్ అంటారు. భ్రమణ కాలాన్ని, అది పెరిగే రేటుకు రెట్టింపుతో భాగిస్తే వస్తుంది. పట్టికలో క్రాబ్ భ్రమణ కాలం 33.4 మిల్లీసెకన్లు, అంటే 3,34,00,000 నానోసెకన్లు. రోజుకు 36.3 నానోసెకన్ల చొప్పున పెరుగుతోంది. 72.6తో భాగిస్తే సుమారు 4,60,000 రోజులు, అంటే 1,260 ఏళ్లు.

ఈ సూత్రం రెండు విషయాలను ముందే నిజమనుకుంటుంది. పుట్టినప్పుడు పల్సార్ ఇప్పటికన్నా ఎన్నో రెట్లు వేగంగా తిరిగిందనేది ఒకటి. దాన్ని నెమ్మదింపజేసేది కేవలం డైపోల్ (రెండు ధ్రువాల) అయస్కాంత క్షేత్రమేననేది, అంటే బ్రేకింగ్ ఇండెక్స్ (భ్రమణ వేగాన్ని బట్టి నెమ్మదింపు ఎంతగా మారుతుందో చెప్పే సంఖ్య) 3 అనేది, రెండోది. క్రాబ్‌కు కొలిచిన ఇండెక్స్ 2.5 మాత్రమే. దాన్ని వాడితే, భాగించే ముందు పెరుగుదల రేటును 2 బదులు 1.5తో గుణించాలి. అప్పుడు వయసు 1,680 ఏళ్లకు చేరి, తేడా ఇంకా పెరుగుతుంది! మొదటి ఊహను కూడా సవరించాలి. అసలు వయసు దాదాపు 970 ఏళ్లని మనకు తెలుసు కాబట్టి లెక్కను తిరగేస్తే, అది పుట్టినప్పుడు సుమారు 19 మిల్లీసెకన్లకొక చుట్టు తిరిగిందని తేలుతుంది. నా దృష్టిలో ఆ 1,260 కన్నా ఈ 19కే విలువెక్కువ.

(కాంతి మనదాకా రావడానికి పట్టిన వేల ఏళ్లు ఇందులో కలవవు. పేలుడు వెలుగు, పల్సార్ స్పందనలు రెండూ అంతే దూరం నుంచి వస్తున్నాయి.)

ప్రశ్న: కొన్ని రాత్రుల పరిశీలనతో భ్రమణ కాలం పెరిగే ఈ రేటు తెలుస్తుందా?

జవాబు: నమ్మదగిన విలువ రాదు. ముందుగా ప్రతి స్పందన చేరిన సమయాన్ని సౌరకుటుంబ ద్రవ్యరాశి కేంద్రానికి మార్చాలి. భూమి కదలిక వల్ల క్రాబ్ కాలంలో 3 మైక్రోసెకన్ల దాకా తేడా కనిపిస్తుంది. అసలు పెరుగుదల ఏడాదికి 13 మైక్రోసెకన్లే. ఆకాశంలో పల్సార్ స్థానాన్ని ఒక ఆర్క్‌సెకను తప్పుగా తీసుకున్నా, ఏడాది పొడవునా 2 మిల్లీసెకన్ల దాకా ఊగే దోషం వస్తుంది. కొద్ది నెలల సమాచారమే ఉంటే అది నెమ్మదింపులో కలిసిపోయి రేటును పాడుచేస్తుంది. అందుకే కనీసం ఏడాదిపాటు చూడాలి. గ్లిచ్‌లు మరో చిక్కు. వెలా పల్సార్ సగటున మూడేళ్లకోసారి ఉన్నట్టుండి సుమారు పది లక్షల్లో ఒక వంతు వేగం పుంజుకుంటుంది. గ్లిచ్‌ను విడిగా లెక్కలోకి తీసుకోకుండా ఒకే వక్రరేఖను సరిపెడితే రేటు తప్పుతుంది.

ప్రశ్న: చరిత్రలో నమోదుకాని పేలుళ్ల సంగతేమిటి?

జవాబు: పేలుడు అవశేషం ఎంత వేగంగా వ్యాపిస్తోందో, లేదా దాని కేంద్రం నుంచి పల్సార్ ఎంత దూరం జరిగిందో కొలుస్తారు. ఎస్147 అవశేషంలోని జె0538+2817 పల్సార్‌కు సూత్రం 6,20,000 ఏళ్లిస్తుంది. దాని కదలికను వెనక్కి లెక్కిస్తే 40,000 ఏళ్ల లోపే కేంద్రానికి చేరుతుంది. పుట్టినప్పటి వేగం ఇప్పటి వేగానికి దగ్గరగా ఉంటే సూత్రం ఇంతగా తప్పుతుంది. అవశేషం కనిపిస్తున్నంత వరకు దాని వయసునే ముందు నమ్మాలి.