వంతెన మీద కెమెరా, ఇంట్లో రగడ

ప్రశ్న: మాది కోనసీమలో లంక గ్రామం. ఊళ్ళోకి కాలువ వంతెన ఒక్కటే దారి. అమలాపురంలో బట్టల షాపులో పనిచేస్తూ రోజూ స్కూటీ మీద వెళ్ళొస్తుంటాను. ఈమధ్య దాతల డబ్బుతో వంతెన దగ్గర నెంబరు ప్లేటు కెమెరాలు పెట్టారు. పెళ్ళిళ్ళ సీజన్లో ఓ రాత్రి షాపులో లేటయింది. మర్నాడు పొద్దున్నే ఊరి పెద్ద ఒకాయన మా అత్తగారితో "మీ కోడలి బండి రాత్రి తొమ్మిదీ నలభైకి వంతెనెక్కిందండోయ్" అన్నాడు. ఆయన ఫోన్లో అవన్నీ కనిపిస్తాయట. నిలదీస్తే "తప్పు చేయనోళ్ళకి భయమెందుకు?" అంటున్నాడు. పోలీసు కంప్లైంటు ఇవ్వనా? కెమెరాలు తీయించవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: చదువుతుంటే నాకే ఒళ్ళు మండింది తల్లీ. తప్పు చేయనివాళ్ళకి భయం లేదంటున్న ఆ పెద్దమనిషిని, తన బండి నెల రోజుల రాకపోకలు పంచాయతీ గోడకి అంటించమనండి. ఒప్పుకుంటాడేమో చూద్దాం.

కెమెరాలు తీయించే ఆలోచన మాత్రం మానుకోండి. రొయ్యల చెరువుల గట్ల మీద మోటార్లు, రాగి తీగలు పోగొట్టుకున్న రైతులు మీ ఊళ్ళోనూ ఉంటారు. తీసేయమంటే గ్రామసభలో ఊరంతా ఒకవైపు, మీరొక్కరే ఒకవైపు అయిపోతారు. ఆ కెమెరాల లాగిన్ ఆయన ఫోన్లో ఎందుకుంది? మీరు పట్టుకోవాల్సింది ఈ ఒక్క ప్రశ్నే.

ముందు అది నిజంగా నెంబరు చదివే కెమెరానా అన్నది కనుక్కోండి. మామూలు సీసీ కెమెరా బొమ్మ తీసి ఊరుకుంటుంది. రాత్రిపూట హెడ్‌లైటు పడితే చాలాసార్లు ప్లేటు తెల్లగా వెలిగిపోయి నెంబరే కనబడదు. ఏఎన్‌పీఆర్ అనే రకం అలా కాదు, ప్లేటు మీది అక్షరాలు ఏరుకుని తేదీ, టైముతో జాబితా రాసుకుంటుంది. వీడియోలో మీ బండి కోసం వెతకాలంటే గంటల తరబడి కూర్చోవాలి, పైగా హార్డ్ డిస్కు నిండితే పాతది చెరిగిపోతుంది. జాబితాలో అయితే నెంబరు కొట్టగానే మీరు ఎన్నిసార్లు వెళ్ళారో, ఎన్నింటికొచ్చారో వరసగా పడుతుంది. ఏళ్ళ తరబడి దాచినా పెద్దగా చోటు పట్టదు. పూర్వం రేవులో పంటు టిక్కెట్లు కొట్టేవాడికీ ఎవరెప్పుడు దాటారో తెలిసేది, కానీ వారం తిరిగేసరికి మర్చిపోయేవాడు. అందులోనూ పట్నంలో అయితే పక్క వీధిలోంచి పోవచ్చు. మీకు ఆ వంతెన తప్ప వేరే గతి లేదు.

చట్టం మీ పక్షానే ఉంది. గోప్యత ప్రాథమిక హక్కని పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు 9 మంది జడ్జిల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, మనిషిని పోల్చుకోవడానికి వీలిచ్చే ఏ సమాచారమైనా వ్యక్తిగత డేటాయే. దాని రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతల అమలుకి 18 నెలల గడువిచ్చారు. నేరాలు పట్టుకోవడానికి అందులో మినహాయింపులున్నాయి. అత్తగార్లకి కబుర్లు మోయడానికి లేవు. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ అనే రాష్ట్రంలో, వెతుకుతున్న బండి కాకపోతే దాని నెంబరు 3 నిమిషాల్లో చెరిపేయాలని చట్టమే ఉంది. మీ ఊళ్ళో ఎన్నాళ్ళు ఉంచుతున్నారో?

అదే అడగండి. స్టేషనుకి అప్పుడే వద్దు. తెల్ల కాగితం మీద పంచాయతీ కార్యదర్శికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో దానికి ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. కెమెరాలకి చేసిన తీర్మానం నకలు, లాగిన్లు ఎవరెవరి దగ్గరున్నాయి, రికార్డు ఎన్నాళ్ళు ఉంచుతారు, పోలీసులకి కాక ఇంకెవరికి చూపించారు – ఇంతే రాయండి. కోపం కాగితం మీద పెట్టకండి. ముద్ర వేయించి రసీదు తీసుకోండి. వెళ్ళేటప్పుడు డ్వాక్రా సంఘంలోంచి ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకెళ్ళండి, లేటుగా ఇల్లు చేరే ఆడవాళ్ళు ఊళ్ళో మీరొక్కరే అయ్యుండరు. "దాతలిచ్చారు, మాకు సంబంధం లేదు" అని జవాబొస్తే మరీ మంచిది. ప్రైవేటు కెమెరా కాలువ వంతెన మీద ఎవరి అనుమతితో పెట్టారని ఇరిగేషన్ వాళ్ళని అడగొచ్చు. ఆయన మళ్ళీ నోరు జారితే అప్పుడు తేదీ, అన్న మాట, విన్నవాళ్ళ పేర్లు రాసి ఎస్సైకి ఇవ్వండి.

మీ అత్తగారిని దారికి తేవడం మాత్రం నా వల్ల కాదు.

ప్రశ్న: అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారం నాది. నా బైకు గోదావరి దాటి ఎరగదు. హైదరాబాదులో సిగ్నల్ జంప్ చేసినట్టు చలానా వచ్చింది. టెన్షన్‌గా ఉంది.

జవాబు: కట్టేయకండి. చలానాతో వచ్చిన ఫోటో పెద్దది చేసి చూడండి. బండి రంగు, మోడల్ మీవి కాకపోతే రెండే కారణాలు: మిషను 8ని బీ అనుకుని ఉండాలి, లేదా ఎవడో మీ నెంబరు వేసుకుని తిరుగుతుండాలి. మొదటిదైతే మీ బండి ఫోటో, ఆర్సీ జతచేసి ఈ-చలానా సైట్లో ఫిర్యాదు పెట్టండి. రెండోదైతే దాంతోపాటు మీ స్టేషన్లోనూ ఫిర్యాదు ఇచ్చి నకలు దాచుకోండి, రేపు ఆ బండి ఏ దొంగతనంలోనో దొరికితే ముందు మీ ఇంటికే వస్తారు. పూర్వం ఏపీ 05 అని ఉంటే తూర్పు గోదావరి, 37 అయితే పశ్చిమ అని దారిన పోయేవాడు కూడా పోల్చేవాడు. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే 39 సిరీస్ వచ్చాక కొత్త బండి ఏ జిల్లాదో మనకి తెలియడం లేదు, మిషనుకి మాత్రం తెలుస్తోంది.

ప్రశ్న: సంక్రాంతికి కోడిపందాల బరికి వెళ్తే ఈ కెమెరాల్లో పడతామా?

జవాబు: పడతారు బాబూ. అయితే మీ బండి ఆ రోడ్డున పోయిందనే తప్ప మీరు పందెం కాశారని ఆ నెంబరు రుజువు చేయదు. బరి దగ్గర పుంజుని చంకలో పెట్టుకుని దిగిన సెల్ఫీ మీరే స్టేటస్‌లో పెట్టుకుంటే అది వేరే సంగతి.