బొమ్మ వేషం కూడా ఒక ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అబ్బాయి ఫిలడెల్ఫియా దగ్గర ఒక యూనివర్సిటీలో స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాడు. ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద వెళ్ళాడు. కాలేజీ ఆటల్లో మస్కట్ వేషం, అంటే టీమ్ గుర్తుగా ఉండే బొమ్మ వేషం, వేస్తున్నాడట. చదువయ్యాక బేస్‌బాల్ టీమ్‌లో అదే పని చేస్తానంటున్నాడు. ఇల్లు తాకట్టు పెట్టి పంపాం. ఇది కూడా ఒక ఉద్యోగమేనా? రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. – ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ఉద్యోగమే. అందులో సందేహం పెట్టుకోకండి. మీ అబ్బాయి ఉన్న ఊళ్ళోనే దానికి పెద్ద ఉదాహరణ ఉంది.

ఫిలడెల్ఫియా ఫిల్లీస్ అనే బేస్‌బాల్ టీమ్‌కు ఫిల్లీ ఫనాటిక్ అని ఆకుపచ్చ బొచ్చుతో, పొడవాటి మూతితో ఒక మస్కట్ ఉన్నాడు. 1978 ఏప్రిల్ 25న మొదటిసారి మైదానంలోకి వచ్చాడు. ఆ వేషం వేసింది డేవిడ్ రేమండ్ అనే డెలవేర్ యూనివర్సిటీ విద్యార్థి, టీమ్ ఆఫీసులో ఇంటర్న్. మ్యాచ్‌కు పాతిక డాలర్లు ఇచ్చేవారు. ఆయన తల్లికి చెవులు వినిపించవు. చిన్నప్పటి నుంచి ఇంట్లో చేతులతో, ముఖంతో, ఒంటితో మాట్లాడటం అలవాటైన కుర్రాడు. మస్కట్ నోరు విప్పకూడదు, ముఖం కనపడదు. ఇక మిగిలేది నడక, భుజాలు, తల వాల్చే తీరు, అంతే. వాటితోనే పై వరుసలో కూర్చున్నవాడిని కూడా నవ్వించాలి. జనంలో బట్టతల పెద్దాయన కనిపిస్తే ఫనాటిక్ దగ్గరికి వెళ్ళి ఆ తలను తుడిచి తళతళలాడిస్తాడు. ఆ పెద్దాయన చిన్నబుచ్చుకోకుండా తనే ముందు నవ్వేలా చేయడానికి ఎంత నేర్పు కావాలో ఆలోచించండి. మన ఊళ్ళలో దసరాకు పులివేషం కట్టేవాళ్ళను చూసినవారికి వేషం వెనుక ఎంత సాధన ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

మీరు చుట్టాలకు ఏం చెప్పాలా అని సిగ్గుపడకండి. టెన్షన్ పడాల్సిన విషయాలు వేరే ఉన్నాయి.

మొదటిది లెక్క. అమెరికా బేస్‌బాల్‌లో పై స్థాయి అయిన మేజర్ లీగ్‌లో ఉన్నవే 30 టీములు. న్యూయార్క్ యాంకీస్‌కైతే అసలు మస్కట్టే లేదు. పైగా ఒకసారి కుదురుకున్నవారు ఆ కుర్చీ వదలరు. రేమండ్ 1993 దాకా చేశాడు. ఐదేళ్ళు బ్యాకప్‌గా ఉన్న టామ్ బర్గోయిన్ 1994 నుంచి ఆ వేషం అందుకున్నాడు. నలభై ఏళ్ళకు పైబడిన కథలో ముఖ్యమైన పేర్లు ఆ రెండే! కింది స్థాయి మైనర్ లీగ్‌లలో 120 టీములున్నాయి, అక్కడ అవకాశాలు ఎక్కువే. కానీ చాలాచోట్ల మ్యాచ్‌కు ఇంత అని ఇచ్చే పార్ట్‌టైమ్ పని. మీ అప్పు దాంతో తీరదు.

రెండోది, అన్నిటికంటే గట్టిది, వీసా. చదువుకునే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలు పని చేయవచ్చు. బయట టీమ్‌లో చేయాలంటే సీపీటీ అనే అనుమతి కావాలి, ఆ పని చదువుతో ముడిపడి ఉండాలి. డిగ్రీ అయ్యాక చదివిన రంగంలో పని చేసేందుకు ఇచ్చే ఓపీటీ అనే అనుమతి ఏడాది. ఆ తర్వాత హెచ్-1బి అనే ఉద్యోగ వీసా కావాలంటే, ఆ పనికి ఫలానా డిగ్రీ తప్పనిసరి అని కంపెనీ చూపించాలి. మస్కట్ ఉద్యోగానికి అలా చూపించడం చాలా కష్టం. ఇది దాచిపెట్టి మిమ్మల్ని ఓదార్చడం నాకు ఇష్టం లేదు.

అందుకని నా సలహా ఇది. వేషం మాన్పించకండి. వచ్చే వేసవికి ఏదైనా మైనర్ లీగ్ టీమ్‌లో ప్రమోషన్స్, మార్కెటింగ్ విభాగంలో ఇంటర్న్‌షిప్ చూసుకోమనండి. మ్యాచ్ మధ్యలో జనాన్ని అలరించే కార్యక్రమాలు, టికెట్ల అమ్మకం, స్పాన్సర్లు, స్కూళ్ళకు మస్కట్‌ను పంపే ఏర్పాట్లు అన్నీ అక్కడివే. వాడి డిగ్రీకి సరిపోయే పని, సీపీటీకి ఒప్పే పని. దాంతోపాటు డేటా అనలిటిక్స్ కోర్సులు రెండు తీసుకుంటే ఆటల బయట కూడా తలుపులు తెరుచుకుంటాయి. ఇంటర్న్‌షిప్ కాగితాల మీద సంతకం పెట్టే ముందు యూనివర్సిటీలోని ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసులో అడగడం మాత్రం మరవొద్దు. ఇప్పుడు కాలేజీలో వేషానికి డబ్బు ఇస్తున్నారేమో, అదీ అక్కడ చెప్పాలి.

ఒంటి సంగతి కూడా అడగండి. జూలై ఎండలో ఆ బొచ్చు సూట్ లోపల వేడి మామూలుగా ఉండదు. నీళ్ళు, మధ్యలో విరామం, తోడుగా ఒక మనిషి, దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ ఉన్నాయో లేదో తెలుసుకోండి. ఓర్పు కూడా కావాలి. 2017లో న్యూయార్క్ మెట్స్ మస్కట్ మిస్టర్ మెట్ వేషంలో ఉన్న ఉద్యోగి ప్రేక్షకుడికి మధ్యవేలు చూపించాడు. టీమ్ క్షమాపణ చెప్పి, ఆ మనిషి ఇక ఆ వేషం వేయడని ప్రకటించింది.

ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు వాడు వేషంలో ఉన్న వీడియో ఒకటి పంపమనండి. సౌండ్ తీసేసి, ఇంట్లో వాళ్ళంతా కూర్చుని చూడండి. ఆ బొమ్మ ఏం చెబుతోందో మీకు అర్థమైందో లేదో నాకు రాయండి.