పిండంలో ఏ కణం ఎక్కడ ఉండాలో ఎవరు చెబుతారు?

ఏ కణం ఎక్కడికెళ్లాలో డీఎన్‌ఏలో అడ్రస్ రాసి ఉంటుందా అని అడిగారు కదా. ఎమ్మెస్సీ జువాలజీ చేసేటప్పుడు నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ప్రాజెక్టులో ఒక బ్యాచ్ పాడుచేసుకున్నాకే సంగతి బుర్రకెక్కింది.

పని ఇదీ: 5 రోజులు పొదిగిన కోడిగుడ్డులోంచి పిండం తీసి, గుండె, కాలేయం ముక్కల్ని విడివిడిగా ట్రిప్సిన్ (ప్రోటీన్లను తెంపే ఎంజైమ్) ద్రావణంలో ఉంచి కణాలుగా విడగొట్టి, రెండింటినీ కలిపేసి, ఫ్లాస్కును 37 డిగ్రీల దగ్గర షేకర్ మీద వదిలేయాలి. (కిరాణా కొట్టు గుడ్లు పనికిరావు, వాటిలో పిండమే ఉండదు, హ్యాచరీ నుంచి తెచ్చుకోవాలి. మొదటి వారం నాకు అదీ తెలీదు.) కలగాపులగంగా అతుక్కున్న కణాలు ఒకటి రెండు రోజుల్లో సర్దుకుని, గుండెవి లోపలికి చేరాలి, కాలేయానివి వాటి చుట్టూ పొరలా కమ్ముకోవాలి.

నా ఫ్లాస్కులో మాత్రం పొద్దున చూస్తే అంతా పొడి పొడే. రోజంతా టెన్షన్. మేడమ్ వచ్చి సీసా చూసి ఒకటే అడిగారు, "కాల్షియం ఉన్న మీడియంలోకి మార్చావా?" మీడియం అంటే కణాల్ని పెంచే పోషక ద్రవం. మార్చలేదు. కణాల్ని విడగొట్టడానికి వాడిన కాల్షియం లేని సెలైన్‌లోనే వదిలేశాను!

కణాల పైన క్యాడ్‌హెరిన్లు అనే ప్రోటీన్లు ఉంటాయి, జపాన్ శాస్త్రవేత్త మసతోషి తాకేయిచీ కనుక్కున్నవి. కాల్షియం ఉంటేనే అవి పక్క కణం మీది తమలాంటి వాటిని పట్టుకుంటాయి. కాల్షియం లేనప్పుడు ట్రిప్సిన్ వాటిని కొరికేస్తుంది కూడా, అందుకే మళ్లీ తయారుచేసుకోవడానికి కణాలకు కొన్ని గంటలు పడుతుంది.

ఇక లోపలా బయటా ఎందుకంటే, 1960ల్లో అమెరికా శాస్త్రవేత్త మాల్కం స్టైన్‌బర్గ్ చెప్పింది చాలా సింపుల్: ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకునేవి లోపలికి చేరతాయి, పట్టు తక్కువైనవి బయట మిగులుతాయి. చారు మీద పోపు నూనె బొట్లు ఒకదాన్నొకటి తగిలి పెద్ద బొట్టవుతాయి చూడండి, దాదాపు అలాగే. 1994లో ఆయనా తాకేయిచీ కలిసి ఒకే రకం కణాల్లో ఒకే క్యాడ్‌హెరిన్‌ను, మోతాదు మాత్రం మార్చి పెట్టి చూస్తే, ఎక్కువున్నవే లోపలికి చేరాయి. అడ్రస్ అక్కర్లేదు, పట్టులో తేడా చాలు.

అలాగని డీఎన్‌ఏకి పనే లేదనుకోకండి. ఏ క్యాడ్‌హెరిన్ ఎంత చేయాలో తేల్చేది జన్యువులే, వాటిని నడిపించేది చుట్టుపక్కల కణాల నుంచి వచ్చే సంకేతాలు. మెదడూ వెన్నుపామూ అయ్యే నాళం చర్మపు పొర నుంచి విడిపోయేటప్పుడు దాని కణాలు ఇ-క్యాడ్‌హెరిన్ అనే రకాన్ని వదిలేసి ఎన్-క్యాడ్‌హెరిన్ అనే ఇంకో రకానికి మారతాయి. పైగా అతుక్కునే గుణం ఒక్కటే చాలదు, కణం పైపొర ఎంత బిగువుగా ఉందన్నదీ ముఖ్యమే. నా చదువులో ఈ రెండో సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంకొకటి, నిజమైన పిండంలో కణాలు మా ఫ్లాస్కులోలా కలగలిసిపోవు, అక్కడ ఈ పట్టు ఎక్కువగా పొరల మధ్య హద్దులు చెరగకుండా కాపాడుతుంది.

రెండో బ్యాచ్‌లో మీడియం మార్చాను. మర్నాడు మైక్రోస్కోప్ కింద ఒక ముద్ద టక్ టక్‌మని కొట్టుకుంటోంది, పక్క ల్యాబ్ వాళ్లని కూడా పిలిచి చూపించాను.