ఆచార్య బిరుదురాజు రామరాజు గారి పరిశోధన ప్రధానంగా దేనిపై సాగింది?

హన్మకొండకు చేరువలోని దేవనూరులో 1925లో జన్మించిన బిరుదురాజు రామరాజు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులుగా పనిచేశారు. తరువాతి కాలంలో నేషనల్ రీసెర్చ్ ప్రొఫెసర్ హోదా పొందారు. పదవుల సంగతి అంతే. ప్రశ్నకు అసలు జవాబు ఆయన పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథం 'తెలుగు జానపదగేయ సాహిత్యము'లో ఉంది.

కావ్యాలూ ప్రబంధాలే పరిశోధనకు తగినవని పండితులు ఎక్కువగా తలచే రోజుల్లో ఆయన పల్లెజనం నోట నిలిచిన పాటలను పరిశోధనాంశంగా తీసుకున్నారు. అందులోని కష్టం తెలియాలంటే బతుకమ్మ ఆటను గమనించాలి. ఒకామె చరణం ఎత్తుకుంటే, చుట్టూ తిరిగే తక్కినవారు చప్పట్లు చరుస్తూ 'ఉయ్యాలో' అనో 'చందమామ' అనో వంత పాడతారు. పక్క ఊళ్లో అదే కథకు చరణాలు పెరగవచ్చు, తగ్గవచ్చు, పేర్లే మారిపోవచ్చు. ఇదే మూలపాఠమని తేల్చడానికి తాళపత్రమేదీ ఉండదు కనుక, పరిశోధకుడు దొరికిన పాఠాంతరాలన్నీ సేకరించి, ఎవరు, ఏ పని చేస్తూ పాడారో కూడా రాసుకోవలసి వస్తుంది. (నాట్లు వేస్తూ పాడే పాటలో నడుము వంచి నారు గుచ్చే లయ ఉంటుంది, కాగితం మీదికి వచ్చేసరికి అది సగం పోతుంది.)

రాతప్రతుల సేకరణ ఆయన మరో ఆసక్తి. 'ఆంధ్రయోగులు' సంపుటాలకూ పాఠకులు ఎక్కువే. పరిశోధనపరంగా మాత్రం నేను పాటల గ్రంథానికే పెద్దపీట వేస్తాను.