అమ్మ నోట్లో తెల్ల పూత: ఫ్లుకోనజోల్ వేసే ముందు

తమ్ముడూ, యాంటీబయాటిక్ కోర్సు అయ్యాక అమ్మ నాలుక మీద పెరుగు తరకల్లా తెల్లగా పట్టిందని, హన్మకొండలో మెడికల్ షాపువాళ్లు ఫంగస్‌కు వాడే ఫ్లుకోనజోల్ 150 మిల్లీగ్రాముల గోళీలు ఇచ్చారని రాశావు. డాక్టర్‌ను అడిగేదాకా వేయకు.

మందు చెడ్డదని కాదు, అమ్మ రోజూ వేసుకునే గోళీలతోనే చిక్కు. షుగర్‌కు గ్లిమిపిరైడ్ అన్నావు కదా. లివర్ దాన్ని కరిగించి బయటకు పంపే పనిని ఫ్లుకోనజోల్ అడ్డుకుంటుంది. అది ఒంట్లో పేరుకుంటే షుగర్ బాగా పడిపోవచ్చు. చెమటలు పట్టి, చేతులు వణికితే వెంటనే చక్కెర నీళ్లు తాగించి షుగర్ చూడండి. కొలెస్ట్రాల్‌కు వేసే అటోర్వాస్టాటిన్ కూడా వాడుతుంటే కండరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. రక్తం పలచబరిచే వార్ఫరిన్ ఉంటే ఇంకా భయం, రక్తస్రావం కావచ్చు. పైగా ఫ్లుకోనజోల్ ఆపేసినా దాని ప్రభావం కొన్ని రోజులు ఉంటుంది.

ఒకే ఒక్క 150 గోళీ అనే లెక్క ఆడవాళ్ల యోని ఇన్ఫెక్షన్‌ది. నోటికి మామూలుగా రోజుకు 100 నుంచి 200 మిల్లీగ్రాములు, 7 నుంచి 14 రోజులు రాస్తారు, కిడ్నీలు బలహీనంగా ఉంటే తగ్గిస్తారు. పూత కొద్దిగానే ఉంటే చాలాసార్లు క్లోట్రిమజోల్ మౌత్ పెయింట్ సరిపోతుంది. కట్టుడు పళ్లుంటే రాత్రి తీసి, శుభ్రంగా తోమి పెట్టాలి.

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఓపీకి తీసుకెళ్తే అమ్మ మందుల కవరు మొత్తం పట్టుకెళ్లు. ముద్ద మింగుతుంటే నొప్పి అన్నా, గోళీలు మొదలుపెట్టాక కళ్లు పచ్చబడినా అదే రోజు చూపించు.