కోర్‌బూట్‌లో గ్రాఫిక్స్ కార్డు కనపడట్లేదు, స్లాట్ పోయిందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: పాత హెచ్61 (ఇంటెల్ చిప్‌సెట్) డెస్క్‌టాప్ బోర్డులో మామూలు బయోస్ బదులు కోర్‌బూట్ (ఆన్ కాగానే హార్డ్‌వేర్‌ని సిద్ధం చేసే ఓపెన్‌సోర్స్ ఫర్మ్‌వేర్), దానిపైన సీబయోస్ (ఆ తర్వాత బూట్ పని చూసే ప్రోగ్రాం) ఎక్కించారు. బోర్డు మీదున్న ఇంటెల్ డిస్‌ప్లే బాగానే వస్తోంది. స్లాట్‌లో గ్రాఫిక్స్ కార్డు పెట్టి మానిటర్ దానికి తగిలిస్తే మాత్రం తెర నల్లగానే ఉంటోంది. స్లాట్ పోయిందేమో అని మీ అనుమానం.

నేనూ సరిగ్గా ఇక్కడే ఇరుక్కున్నాను. సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్) సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఎన్‌విడియా జీటీ 710 కార్డు నాది. డొక్కు కార్డు అంటగట్టాడని షాపతన్ని తిట్టుకున్నాను కూడా. పాపం, తప్పంతా నాదే.

తెర నల్లగా ఉన్నంత మాత్రాన కార్డు డిటెక్ట్ కాలేదని కాదు. మిషన్ వెనకాల మామూలుగా బూట్ అవుతూనే ఉండొచ్చు. ఇంకో కంప్యూటర్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో (నెట్‌వర్క్ ద్వారా) లోపలికెళ్లి ఎల్‌ఎస్‌పీసీఐ (పీసీఐ పరికరాల జాబితా చూపే లినక్స్ కమాండ్) కొట్టండి. ప్రాసెసర్ నుంచి పెద్ద స్లాట్‌కి వెళ్లే బ్రిడ్జి (కలిపే దారి) 00:01.0 అనే అడ్రసు దగ్గర, దాని వెనక కార్డు మామూలుగా 01:00.0 దగ్గర కనిపించాలి.

నాకు రెండూ లేవు. బ్రిడ్జే లేనప్పుడు కార్డుని అనుమానించి లాభం లేదు. నా బోర్డుకి సపోర్ట్ లేకపోతే, దగ్గరగా ఉన్న ఇంకో బోర్డు ఫైళ్లు కాపీ కొట్టి మార్చుకున్నాను. వాటిలో ఏ పరికరం ఆన్, ఏది ఆఫ్ అని చెప్పే డివైస్‌ట్రీ ఫైల్లో 01.0 పక్కన 'ఆఫ్' అని ఉంది. దాన్ని 'ఆన్' చేసి, బిల్డ్ చేసి, బయోస్ చిప్‌కి క్లిప్పు తగిలించి మళ్లీ ఫ్లాష్ చేస్తే రెండూ వచ్చాయి. ఆ ఒక్క మాట దొరకడానికి రెండు ఆదివారాలు పోయాయి.

బ్రిడ్జి ఉండి కార్డు ఒక్కటే లేకపోతే, ముందు కార్డుకి విడిగా పవర్ కేబుల్ కావాలేమో చూసుకోండి. అది కాకపోతే టైమింగ్. రీసెట్ వదిలాక కనీసం 100 మిల్లీసెకన్లు ఆగాకే కార్డుని పలకరించాలని పీసీఐ ఎక్స్‌ప్రెస్ నియమం. కోర్‌బూట్ మహా తొందరగా లేస్తుంది కాబట్టి, కార్డు లింకు కుదిరేలోపే స్కాన్ అయిపోవచ్చు. పవర్ ఆపి వేసినప్పుడు కనిపించని కార్డు రీబూట్ చేస్తే కనిపిస్తోందంటే, నేనైతే దీన్నే అనుమానిస్తాను.

ఇక అసలు టెన్షన్ ఆ తర్వాతే. జాబితాలో కార్డు వచ్చింది, తెర మాత్రం వెలగలేదు. ఆశ వదులుకుని కుర్చీలోంచి లేవబోతుంటే, లినక్స్ కెర్నల్ లోడై నూవో (ఎన్‌విడియా కార్డుల ఓపెన్‌సోర్స్) డ్రైవర్ ఎక్కగానే ఠక్కున లాగిన్ ప్రత్యక్షమైంది! అంటే కార్డు భేషుగ్గా ఉంది, బూట్ అయ్యేటప్పుడు దాన్ని నిద్రలేపేవాళ్లే లేరు.

ఆ లేపే పని కార్డు మీదే ఉండే ఆప్షన్ రోమ్ అనే చిన్న ప్రోగ్రాంది. దాన్ని నడిపేది సీబయోస్. కానీ కనిపించిన కార్డుకల్లా నడపదు. కార్డు వీజీఏ (డిస్‌ప్లే) తరగతిదై ఉండాలి, దాని ఐఓ, మెమరీ దారులు రెండూ తెరిచి ఉండాలి, దారిలో ఉన్న ప్రతి బ్రిడ్జిలోనూ వీజీఏ బిట్ (వీజీఏ పిలుపుల్ని అవతలి కార్డుకి పంపమనే గుర్తు) సెట్ అయి ఉండాలి. ఆ బిట్ పెట్టాల్సింది కోర్‌బూట్. నేనేమో మెనూకాన్ఫిగ్‌లో (కోర్‌బూట్ సెట్టింగుల మెనూ) 'ఆన్‌బోర్డ్ వీజీఏనే ప్రైమరీ' అన్నదానికి ఎప్పుడో టిక్ పెట్టి మర్చిపోయాను. దాంతో కోర్‌బూట్ వీజీఏ హక్కు 00:02.0లో ఉన్న ఇంటెల్‌కి ఇచ్చేసి, నా కార్డు బ్రిడ్జిని వదిలేసింది.

మీరు సీబీమెమ్ అనే కోర్‌బూట్ టూల్‌తో బూట్ కన్సోల్ లాగ్ తీసి 'వీజీఏ' అని వెతకండి. ఏ కార్డులు కనపడ్డాయో, ఏ బ్రిడ్జికి బిట్ పెట్టిందో లైన్ల వారీగా ఉంటుంది. 00:01.0కి పెట్టినట్టు లేకపోతే ఆ టిక్ తీసేయండి. గ్రాఫిక్స్ ఇనిషియలైజేషన్ దగ్గర నేను లిబ్‌జీఎఫ్‌ఎక్స్‌ఇనిట్ కూడా తీసేసి 'ఏదీ వద్దు' పెట్టాను. లిబ్‌జీఎఫ్‌ఎక్స్‌ఇనిట్ లేపేది ఇంటెల్ గ్రాఫిక్స్‌నే, స్లాట్‌లో కార్డుతో దానికి పనిలేదు. ఇలా చేస్తే, ఇంటెల్ వీజీఏ రోమ్ విడిగా కలపకపోతే బూట్ సమయంలో బోర్డు మీది డిస్‌ప్లే రాదు. నాకది అక్కర్లేదు.

సీబయోస్ వదిలేసి ఈడీకే2కి (బయోస్ తర్వాత వచ్చిన యూఈఎఫ్ఐ పద్ధతిది) మారదామనుకుంటే, కార్డు రోమ్‌లో యూఈఎఫ్ఐ వాళ్ల జీఓపీ (తెర వెలిగించే) భాగం ఉందో లేదో ముందు చూసుకోండి. పాత కార్డుల్లో చాలావాటికి ఉండదు, మళ్లీ నల్ల తెరే.

ఒరిజినల్ బయోస్ బ్యాకప్ రెండుసార్లు తీసి, రెండూ ఒకటేనా అని పోల్చి దాచుకున్నారనుకుంటున్నా. లేకపోతే ముందు ఆ పని చేయండి. తర్వాత ఎల్‌ఎస్‌పీసీఐలో 00:01.0 ఉందో లేదో ఇక్కడ పెట్టండి, అక్కణ్నుంచి చూద్దాం.